చెలమ నుంచి ఫిల్టర్ బెడ్ దాకా

ఎండాకాలం ఏటి ఇసుకలో చెలమ తీసి తేటనీళ్లు ముంచుకున్నవాళ్లకు ఇసుక మహిమ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పనినే ఊరికంతా సరిపడేలా చేయించాలన్న ఆలోచన మాత్రం వ్యాపార అవసరంలోంచి పుట్టింది. స్కాట్లండ్‌లోని పెయిస్లీలో బట్టలు తెల్లబరిచే కార్ఖానా నడిపిన జాన్ గిబ్ 1804లో తన పనికోసం ఇసుక వడపోత కట్టుకున్నాడు. వాడుకోగా మిగిలిన నీటిని ఊళ్లో అమ్ముకున్నాడు. 1829లో జేమ్స్ సింప్సన్ లండన్‌లో చెల్సీ వాటర్‌వర్క్స్ కంపెనీకి ఎకరం విస్తీర్ణంలో ఇసుక పడక వేశాడు. థేమ్స్ నీటి మురికి విరిగితే చాలన్నదే అప్పటి ఆశ. రోగాలు సూక్ష్మజీవుల వల్ల వస్తాయని అప్పటికింకా రుజువు కాలేదు. అయినా నది నీటిని వడపోశాకే ఇళ్లకు పంపాలని 1852లో లండన్ కంపెనీలకు చట్టమే వచ్చింది.

ఇసుకను జల్లెడగా చూస్తే లెక్క కుదరదు. రేణువుల మధ్య సందుల్లోంచి బాక్టీరియా సునాయాసంగా జారిపోవాలి. వాటిని ఆపేది పడక మీద కొన్నాళ్లకు కట్టే జిగురు పొర. అందులో నాచు, బాక్టీరియా, వాటిని తినే ఇంకాస్త పెద్ద జీవులు కాపురముంటాయి. నీటితో వచ్చిన క్రిములు అక్కడే చిక్కుకుని వాటికి ఆహారమవుతాయి. తప్పించుకున్నవాటిలో చాలామటుకు కింది రేణువులకు అంటుకుపోతాయి. ఇదంతా జరగాలంటే నీరు గంటకు పది ఇరవై సెంటీమీటర్ల చొప్పున నింపాదిగా దిగాలి.

దీనికి తిరుగులేని సాక్ష్యం 1892లో జర్మనీలో దొరికింది. హాంబర్గ్, ఆల్టోనా ఒకదాన్నొకటి ఆనుకున్న ఊళ్లు. రెండింటికీ ఎల్బ్ నది నీరే. పైగా ఆల్టోనా దిగువన ఉంది, హాంబర్గ్ మురుగు కలిశాకే దానికి నీరందేది. కానీ ఆల్టోనా ఇసుకలో వడపోసుకునేది, సంపన్న నగరం హాంబర్గ్ అలాగే తాగేది. కలరా వచ్చి హాంబర్గ్‌లో 8,000 మందికి పైగా చనిపోయారు. సరిహద్దు వీధిలో హాంబర్గ్ వైపు ఇళ్లలో రోగం, ఎదుటి వరసలో దాదాపు లేదు. గాలి, నేల, మనుషులు ఒకటే, తేడా కొళాయిలోనే అని సూక్ష్మజీవ శాస్త్రవేత్త రాబర్ట్ కాఖ్ తేల్చాడు. హాంబర్గ్ వడపోత కేంద్రం అప్పటికి కడుతూనే ఉన్నారు. మరుసటి ఏడాదికి గానీ అది నడవలేదు. ఖర్చు గురించి ఏళ్లకేళ్లు తర్జనభర్జన పడ్డ ఫలితం ఇది.

తర్వాత అమెరికాలో పటికతో మడ్డిని ముద్దగట్టించి, ఇసుకలో వేగంగా వడపోసి, కింది నుంచి నీరెక్కించి కడిగే పద్ధతి స్థిరపడింది. స్థలం కరువైన నగరాలు దానికే మళ్లాయి. అది జీవపు పొర మీద ఆధారపడదు కాబట్టి క్లోరిన్ తప్పనిసరి.

పల్లెకు మాత్రం పాత పద్ధతే నప్పుతుందని నా అభిప్రాయం. 1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) నెమ్మది వడపోతను పరీక్షించిన గ్రామాల్లో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా పోతునూరు ఒకటి. కాలువ నీటిని చెరువులో నిలవబెట్టి, తేరాక ఫిల్టర్ బెడ్ మీదికి వదిలే ఏర్పాటు డెల్టా పల్లెలకు అలవాటైనదే. అన్నిటికీ ఇది మందు కాదు: నల్లగొండ ఫ్లోరైడ్‌ను ఇసుక ఆపలేదు, వరద బురదకు పడక తొందరగా మూసుకుపోతుంది.

అలా మూసుకుపోయినప్పుడు పై ఇసుకను ఒకటి రెండు సెంటీమీటర్లు గీకి తీసేస్తారు. దాంతో ఆ పొరా పోతుంది. అది మళ్లీ కట్టేదాకా ఆ బెడ్ నీరు తాగడానికి పనికిరాదు. మీ ఊళ్లో ఫిల్టర్ బెడ్ ఉంటే, ఇసుక చివరిసారి ఎప్పుడు గీకారో, ఆ తర్వాత ఎన్నాళ్లకు నీళ్లు వదిలారో పంచాయతీలో అడగండి.