బందరు రేవు చేరిన ఉక్కు

ఇంగ్లండు ఈశాన్యతీరమున రెడ్‌కార్ అను పట్టణము కలదు. అచ్చటి ఉక్కు కర్మాగారము 2015వ సంవత్సరమున మూతపడెను. దాని పెద్ద కొలిమిని 2022లో ప్రేలుడు పదార్థములతో కూల్చివేసిరి. కొలిమి ఆరిన పిదప ఊరికి మిగులునదేమి? ఈ ప్రశ్న తెలుగుదేశమునకు క్రొత్తది కాదు. దీనికి సమాధానము వెదకువారు గుణదలనుండి బందరునకును, అచ్చటనుండి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమునకును పోవలయును.

17వ శతాబ్దమున బందరు, అనగా మచిలీపట్నము, గోలకొండ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. ఇంగ్లీషువారు 1611లో ఇచ్చట వర్తకస్థానమును నెలకొల్పిరి. డచ్చివారు అంతకు పూర్వమే వచ్చియుండిరి. అద్దకపు వస్త్రములతోపాటు ఇనుమును, ఉక్కును ఈ రేవున ఓడలకెక్కుచుండెను. పారసీక వర్తకులు కొనిపోయిన దక్షిణదేశపు ఉక్కుతో ఆ దేశములందు మేలైన ఖడ్గములు తయారయ్యెను.

అట్టి ఉక్కు పుట్టిన తావులలో కోనసముద్రమొకటి. భూగర్భశాస్త్రజ్ఞుడగు హెన్రీ వాయిసీ అచ్చటి కొలుములను స్వయముగ చూచెను. ఆయన వివరణము, ఆయన మరణానంతరము, 1832లో అచ్చుపడెను. వేర్వేరు తావుల ఖనిజములనుండి తీసిన ఇనుములను తగుపాళ్ల కలిపి, మట్టిమూసలలో నుంచి, తిత్తులూదుచు కరగించెడివారు. ఆ ముద్దలను మెల్లగ చల్లార్చి, మట్టి పూసి మరల కాల్చి, పెళుసుదనము పోగొట్టెడివారు. పారసీక వర్తకులు కొలిమిచెంతనే యుండి, ఇనుమును తూచి, దాని గట్టిదనమును తామే పరీక్షించుకొనెడివారట! ఇంతదూరము వచ్చి ఇంత శ్రద్ధ వహించిరనిన, ఆ సరకు విలువ ఎట్టిదో ఊహింపవచ్చును.

1795లో జార్జి పియర్సన్ లండనులో ఈ జాతి ఉక్కునుగూర్చి పరిశోధనవ్యాసమును ప్రకటించెను. తరువాత మైకేల్ ఫారడే దాని రహస్యమును ఛేదింపబూనెను. వారు దీనిని 'వూట్జ్' అని పిలిచిరి. తెలుగు కన్నడములలోని 'ఉక్కు' అను మాటయే అట్లు మారెనని పండితులు చెప్పుదురు.

1856లో బెస్సెమర్ పద్ధతి వెలువడినది. యంత్రములపై చవుకగ తయారైన విదేశపు ఉక్కు ముందు మన మూసలు నిలువలేదు. బందరును సైతము 1864 నాటి ఉప్పెన ముంచివేసెను. అందు సుమారు 30,000 మంది మరణించిరి.

కోనసముద్రపు పనిని మనము ఎరుగుట ఒక విదేశీయుని వ్రాతవలననే. చేసినవారి నేర్పు చేతినుండి చేతికి వచ్చినదేగాని కాగితమునకెక్కలేదు. చేయి ఆగగానే అదియు ఆగెను. ఇక మిగిలినవి పాతకొలుముల తావులందలి చిట్టెపు దిబ్బలు, పగిలిన మూసపెంకులు. పొలము చదును చేయునపుడు అవి కంటబడినచో పారవేయక చరిత్ర తెలిసినవారికి చూపుడు. ఆ పనివారు మనకు విడిచిన వ్రాత అదియొక్కటియే.