తియాన్మా సాగు: ముందు శిలీంధ్రం, ఆ తర్వాతే దుంప

పొగాకు చేలో మొలిచే మల్లె (ఒరబాంకీ) రైతులకు తెలిసిందే. దానికి పత్రహరితం ఉండదు. నేరుగా పొగాకు వేరుకు అతుక్కుని ఆహారం పీలుస్తుంది. అయితే పత్రహరితం లేని మొక్కలన్నీ ఇలాగే బతకవు. కొన్ని శిలీంధ్రం మీద ఆధారపడతాయి. చైనా కొండ ప్రాంతాల రైతులు పంటగా పెంచే తియాన్మా (గ్యాస్ట్రోడియా ఎలాటా) అలాంటిదే. ఇది ఆర్కిడ్ జాతి మొక్క. తలనొప్పి, తల తిరుగుడుకు చైనా వైద్యంలో దీని దుంపను వాడతారు.

తియాన్మాకు పచ్చటి ఆకులు లేవు, వేర్లూ లేవు. పూతకు వచ్చినప్పుడు మాత్రమే కాడ నేల పైకి వస్తుంది. మరి దుంప ఎలా ఊరుతుంది? ఆర్మిల్లేరియా అనే శిలీంధ్రం కట్టెను కుళ్లబెట్టి ఆహారం తీసుకుంటుంది. నల్లటి తాళ్లలాంటి పోగులతో పాకి దుంపలోకి చొరబడుతుంది. దుంప ఆ పోగులను తన కణాల్లో జీర్ణం చేసుకుని పెరుగుతుంది. తినడానికి వచ్చినదాన్నే తినేస్తుందన్నమాట! ఈ సంబంధాన్ని జపాన్ శాస్త్రవేత్త కుసానో 1911లో వివరించారు.

అందుకే సాగు కట్టెతో మొదలవుతుంది. ఓక్ వంటి చెట్ల దుంగల బెరడుకు గాట్లు పెట్టి, శిలీంధ్రం పట్టించి, గుంతలో పేర్చి, పక్కనే చిన్న దుంపలను ఉంచుతారు. పైన ఇసుక మట్టి, రాలిన ఆకులు కప్పుతారు. విత్తనంతో పెంచాలంటే ఇంకో శిలీంధ్రం కూడా కావాలి. దుమ్ములా ఉండే ఈ విత్తనంలో నిల్వ ఆహారం దాదాపు ఉండదు. మైసీనా అనే శిలీంధ్రం పట్టిన ఆకుల మీద చల్లితేనే మొలుస్తుంది. మొలిచాక మళ్లీ ఆర్మిల్లేరియా అందకపోతే ఎదగదు. చిన్న దుంపలనే ఏళ్ల తరబడి నాటుతూ పోతే దిగుబడి పడిపోతుంది కాబట్టి మధ్యలో విత్తనానికి వెళ్లక తప్పదు.

గుంతలో నీరు నిలిస్తే కథ తిరగబడుతుంది. దుంప బలహీనపడి శిలీంధ్రానికే ఆహారమైపోతుంది. వేడి 30 డిగ్రీలు దాటితే పెరుగుదల ఆగిపోతుంది. ఒకసారి పంట తీసిన గుంతలో వెంటనే మళ్లీ వేస్తే సరిగా రాదు. కొత్త చోటు, కొత్త కట్టె చూసుకోవాలి.

మంచి ధర వస్తుందని ఎవరైనా ఉత్త దుంపలు అమ్మజూపితే తొందరపడవద్దు. శిలీంధ్రం లేని దుంప నేలలో ముడుచుకుపోతుంది. మన మైదాన ప్రాంతాల ఎండలకు ఈ పంట అసలు సరిపడదు. పైగా ఆర్మిల్లేరియా జాతుల్లో కొన్ని పండ్ల చెట్ల వేర్లను కుళ్లబెట్టి చంపుతాయి. తెలియని శిలీంధ్రం పట్టిన కట్టెను తోటలోకి రానివ్వకండి.