మా గోడ మీది మూడు కాలాలు

పోయిన వేసవిలో మా ఇంటికి సున్నం కొట్టేటప్పుడు నడింటి గోడ మీది పాత చెక్క పట్టీ ఒకటి ఊడి వచ్చింది. దాంట్లో పక్కపక్కనే రెండు గాడులు, ఒక్కో గాడిలో ఒక్కో వైరు, పైన మరలతో బిగించిన చెక్క మూత. నేను పారేయబోతే తాత వద్దన్నాడు. "అది మీ ముత్తాత వేయించింది రా. 1956లో ఈ ఇంటికి మొట్టమొదట కరెంటు వచ్చింది దాంట్లోనే" అన్నాడు. తాత గనిలో ఎలక్ట్రికల్ హెల్పరుగా పని చేసినాడు. ఇంకేముంది, సున్నం పని ఆగిపోయింది, పాఠం మొదలయింది.

మాది కోలారు బంగారు గనుల ఊరు. 1902లో కావేరి మీద శివనసముద్రం దగ్గర పుట్టించిన కరెంటు 92 మైళ్ళు నడిచి మా ఊరికి చేరింది. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తర్వాత మూడేండ్లకు, 1905 ఆగస్టులో. ఈ సంగతి మా ఊళ్ళో అందరూ గర్వంగా చెప్తారు, నేనూ చెప్తాను. కానీ అది వచ్చింది గని యంత్రాల కోసం. తాత చిన్నతనంలో మా ఇంట్లో వెలిగింది కిరసనాయిలు బుడ్డే. ఊరికి వచ్చిన కరెంటు మా గడప దాటడానికి 54 ఏండ్లు పట్టింది.

ఆ చెక్క పట్టీని కేసింగు అంటారంట. చూడ్డానికి నీటుగా ఉంటుంది కానీ చెదలు పడితే, చెమ్మ తగిలితే కష్టం. వైరు వేడెక్కితే పక్కనుండేది చెక్కే కదా, అగ్గి అంటుకుంటుంది.

వెనక గదిది వేరే కాలం. అక్కడ సన్నని చెక్క రీపరు మీద వైర్లు పరిచి, జానెడు దూరానికి ఒకటి రేకు క్లిప్పు మడిచి కొట్టినారు. ఆ వైర్ల లోపల రాగి లేదు, అల్యూమినియం. రాగిని బయటి దేశాల నుంచి తెచ్చుకోవాల్సిన రోజుల్లో చాలా ఇండ్లకు ఇదే వేసినారని తాత చెప్పినాడు. అల్యూమినియం మెత్తన. మర కింద బిగించినా కొన్నాళ్ళకు వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది. మా వెనక గది స్విచ్చుబోర్డు మీద నల్లటి మచ్చ ఎందుకుందో నాకు అప్పుడు అర్థమయింది.

వంటింటిది మూడో కాలం. తెల్ల పీవీసీ పైపు, లోపల పీవీసీ వైర్లు, మూడు బొక్కల సాకెట్లు. ఇంట్లో అన్నిటికంటే కొత్త వైరింగు ఇదే. అయినా ప్రమాదం జరిగింది ఇక్కడే.

రెండేండ్ల కిందట అవ్వ గ్రైండరులో ఇడ్లీ పిండి రుబ్బుతోంది. కింద తడి నేల, కాళ్ళకు చెప్పులు లేవు. గ్రైండరు లోపల వైరు ఒకటి ఒరుసుకుపోయి స్టీలు ఒంటికి తగిలింది. అవ్వ చెయ్యి పెట్టగానే అరిచి వెనక్కి పడింది. నాయన పరిగెత్తి మెయిన్ స్విచ్చి ఆపినాడు. అవ్వ బతికింది, కానీ ఇప్పటికీ గ్రైండరు స్విచ్చి తను వేయదు, నన్ను పిలుస్తుంది.

ఫ్యూజు ఎందుకు పోలేదని నేను తాతను అడిగినాను. ఫ్యూజు ఉండేది వైరును కాపాడటానికి, మనిషిని కాదు అన్నాడు. 5 ఆంపియర్ల ఫ్యూజు కరగాలంటే అంతకంటే ఎక్కువ కరెంటు పారాలి. మనిషి ప్రాణం పోవడానికి ఆంపియరులో పదో వంతు కూడా అక్కరలేదు. మనల్ని కాపాడేది మూడో వైరు, అంటే ఎర్తు. అది సరిగ్గా ఉంటే, లోపలి వైరు ఇనుముకు తగిలిన నిమిషంలోనే కరెంటు ఎక్కువగా భూమిలోకి పారి ఫ్యూజు కరిగిపోతుంది. ప్లగ్గులో పై పిన్ను మిగతా రెండిటికంటే పొడుగ్గా ఉండేది కూడా ముందు ఎర్తు తగలాలనే.

మా సాకెట్టుకు మూడు బొక్కలున్నాయి. విప్పి చూస్తే మూడోదాని వెనక వైరే లేదు!

ముత్తాత కాలంలో ఆ లోటు ఎవరికీ తెలియలేదు. అప్పుడు ఇంట్లో ఉండేది రెండు 40 వాట్ల బల్బులు. అవి పైన వేలాడేవి, వాటిని ఎవరూ ముట్టుకోరు. రెండు వైర్లతో సరిపోయింది. తర్వాత ఇస్త్రీ పెట్టె వచ్చింది, గ్రైండరు, ఫ్రిజ్జు వచ్చినాయి. అన్నీ చేత్తో ముట్టుకునే ఇనుప సామాన్లు. సామాన్లు మారినాయి, గోడ లోపల లెక్క మాత్రం రెండు దగ్గరే నిలిచిపోయింది.

ఈ వేసవిలో పెరట్లో గుంట తవ్వి, పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలు వరసలుగా వేసినారు. అక్కడినుంచి ప్రతి సాకెట్టుకూ పచ్చ వైరు లాగినారు. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు, తనంతట తానే ఆగిపోయే స్విచ్చి పెట్టినారు. ఎండాకాలంలో ఆ గుంటలో బిందెడు నీళ్ళు పోసే పని నాది.

పోయే ముందు వైర్‌మ్యాన్ అన్నను తాత పక్కిండ్లు కూడా చూడమన్నాడు. ఆయన బల్బు వైరు ఒకటి ఫేజులో, ఇంకొకటి ఎర్తు బొక్కలో పెట్టి చూసినాడు. ఎర్తు ఉంటే వెలగాలి. మూడిండ్లు చూస్తే ఒక్క ఇంట్లోనే వెలిగింది. మిగతా రెండిండ్లలో ఒకరు వెంటనే చేయించుకున్నారు. ఇంకొకరు చీటీ డబ్బులు రానీ అన్నారు. వాళ్ళింట్లో గ్రైండరు రోజూ తిరుగుతుంది. మా అవ్వ తన పాత రబ్బరు చెప్పులు కడిగి, తీసుకెళ్ళి వాళ్ళ వంటింట్లో పెట్టి వచ్చింది.