సంపాదన లేని బిడ్డకు చట్టం కట్టిన లెక్క

భద్రాచలం, ఖమ్మం బస్సులు నగరంలోకి వచ్చేది ఎల్‌బీ నగర్ చౌరస్తా మీదుగానే. దేవరకొండ తండాల వాళ్లు సాగర్ రోడ్డు పట్టుకుని చేరేదీ అక్కడికే. కూలి అడ్డాల మీద నిలబడే మనవాళ్లకూ, దిల్‌సుఖ్‌నగర్‌లో డీఎస్సీ, గ్రూప్స్ కోచింగ్‌కు వచ్చే మన యువతకూ ఈ రోడ్డు కొత్త కాదు. కానీ ఎల్‌బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో రోడ్డు ప్రమాదాల నష్టపరిహారం కేసులు నడుస్తాయని ఎంతమందికి తెలుసు? బిడ్డ కాలు విరిగితే బండి యజమాని చేతిలో పెట్టిన పదో పరకో తీసుకుని ఊరికి పోయేవాళ్లే ఎక్కువ.

ఈ హక్కు ఒక్కరోజులో వచ్చింది కాదు. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం చనిపోయినవారి కుటుంబాలకే పనికొచ్చేది. గాయపడి బతికినవారు కోర్టు ఫీజు కట్టి సివిల్ దావా వేసుకోవాల్సిందే. 1939 మోటారు వాహనాల చట్టాన్ని 1956లో సవరించాక ప్రత్యేక ట్రిబ్యునళ్లకు దారి పడింది. 1988లో ఇప్పటి చట్టం వచ్చింది.

పిల్లల దగ్గరే చిక్కు వచ్చింది. పరిహారం లెక్కకు మూలం సంపాదన. బడికి పోయే పిల్లకు సంపాదన ఏది? 1994 సవరణ దీనికి ఒక అంకె చెప్పింది: సంపాదన లేనివారి ఆదాయం ఏడాదికి 15,000 రూపాయలు అనుకోవాలట. అంటే నెలకు 1,250. తీవ్ర గాయం నొప్పికి 5,000. ఈ పట్టిక 2018 దాకా అలాగే ఉంది. ఆ 24 ఏళ్లలో బియ్యం ధర ఎన్నిసార్లు పెరిగిందో చెప్పనక్కర్లేదు. అసలు మన పిల్లలకు సంపాదన లేదనడమే సగం అబద్ధం. వేసవిలో తునికాకు కోసేది, ఇప్పపువ్వు ఏరేది, చంటిదాన్ని చూసుకుంటూ అమ్మను కూలికి పంపేది ఎవరు? అది ఏ పట్టికలోకీ ఎక్కలేదు.

పట్టిక మారకముందే కోర్టులు కదిలాయి. 2013లో కర్ణాటక నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు పిల్లల వైకల్యానికి వేరే కొలత పెట్టింది: 10 శాతం దాకా లక్ష, 30 దాకా 3 లక్షలు, 60 దాకా 4, 90 దాకా 5, ఆపైన 6 లక్షలు. వైద్యం ఖర్చు వేరు. బిడ్డ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు తల్లిదండ్రులు పోగొట్టుకున్న కూలికి కూడా ఆ కేసులో డబ్బు ఇచ్చారు. నా దృష్టిలో ఆ తీర్పులో మనకు అన్నిటికంటే దగ్గరి మాట ఇదే.

2020లో హర్యానా కేసు ఇంకా ముందుకు పోయింది. తల్లిదండ్రులతో ట్రాక్టరు మీద వెళ్తున్న పన్నెండేళ్ల పిల్లను లారీ గుద్దింది. పిల్ల మంచానికే పరిమితమైంది. ట్రిబ్యునల్ 11 లక్షల చిల్లర ఇస్తే, హైకోర్టు దాన్ని 25 లక్షలు దాటించింది. సుప్రీంకోర్టు 62,27,000 చేసింది. ఊహించిన 15,000 లెక్క వదిలేసి, నైపుణ్యం ఉన్న కార్మికుడి కనీస వేతనం ఆధారంగా ఆమె ఆదాయాన్ని కట్టారు. జీవితాంతం ఇద్దరు సహాయకుల జీతం కూడా కలిపారు. 2025లో గుజరాత్ కేసులోనూ సుప్రీంకోర్టు కనీస వేతనం లెక్కే ఖాయం చేసింది.

ఈ తీర్పులు మన గూడేల దాకా రావాలంటే ముందు కాగితాలు ఉండాలి. ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రి రికార్డు, మెడికల్ బోర్డు ఇచ్చే వైకల్య ధృవపత్రం కావాలి. వయసు రుజువుకు బడి బోనఫైడ్ పనికొస్తుంది, అది మన టీచర్ల చేతిలోదే. 2019 సవరణ ప్రకారం, 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన 6 నెలల్లో దరఖాస్తు పెట్టాలి. ప్రమాదం ఎల్‌బీ నగర్‌లో జరిగినా, మీరు ఉండే జిల్లా ట్రిబ్యునల్‌లోనే వేయొచ్చు. 1987 న్యాయ సేవల చట్టం కింద ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. దీనికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి.

వచ్చిన డబ్బు వడ్డీ వ్యాపారి చేతికి పోతుందేమోనని కొందరి భయం. 1994లో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, మైనరు సొమ్మును 18 ఏళ్లు నిండేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయిస్తారు. మధ్యలో ఆపరేషన్ అవసరమైతే ట్రిబ్యునల్ అనుమతితో తీసుకోవచ్చు.