బొమ్మల పుస్తకాల్లో భయం: 1845 నుంచి 2007 వరకు

"అన్నం తినకపోతే బూచాడు ఎత్తుకుపోతాడు" అనే మాట వినకుండా పెరిగినవాళ్లు మనలో తక్కువ. ఇక్కడ భయపడేది పిల్లలు. ఆ భయంతో పని జరిపించుకునేది పెద్దలు. పిల్లల బొమ్మల పుస్తకాల చరిత్రను చదివేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోండి. ఒక పుస్తకంలో భయం ఎవరికి ఉపయోగపడుతోందో గమనిస్తే, ఆ కాలపు పెద్దలు బాల్యాన్ని ఎలా చూశారో తెలుస్తుంది. ఈ దృష్టితో మూడు పుస్తకాలను పరిశీలిద్దాం.

1. హెచ్చరికగా భయం

జర్మన్ నగరమైన ఫ్రాంక్‌ఫర్ట్‌లో హైన్రిఖ్ హాఫ్‌మన్ వైద్యుడిగా పనిచేసేవారు. 1844 క్రిస్మస్‌కు మూడేళ్ల కొడుకు కోసం పుస్తకం కొనబోతే నచ్చినది దొరకలేదు. దాంతో ఖాళీ నోటుపుస్తకంలో తానే కథలు రాసి, బొమ్మలు వేశారు. 1845లో అచ్చయిన ఆ పుస్తకం తరువాత 'స్ట్రూవెల్‌పీటర్' (చింపిరి జుట్టు పీటర్) అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది. అది 3–6 ఏళ్ల పిల్లలకని మొదటి ముద్రణ పేరులోనే ఉంది. అందులో అగ్గిపుల్లలతో ఆడిన పాప కాలి బూడిదవుతుంది. బొటనవేలు చీకే కుర్రవాడి రెండు బొటనవేళ్లనూ దర్జీ కత్తెరతో కత్తిరిస్తాడు.

దీన్ని క్రూరత్వమని తేల్చేయడం తొందరపాటు. వైద్యుడి పేరు చెప్పి పిల్లలను బెదిరించే అలవాటు అప్పట్లో ఉండేది. అలా బెదిరి ఏడ్చే చిన్న రోగుల ఎదుట హాఫ్‌మన్ బొమ్మలు గీసి, కథ చెప్పి ఊరడించేవారు. పుస్తకంలోని అతిశయోక్తి నవ్వు కూడా పుట్టిస్తుంది. అయినా ఒకటి గమనించండి: దర్జీ వస్తాడని తల్లి చెప్పి వెళుతుంది, ఆమె చెప్పినట్టే జరుగుతుంది. పెద్దల మాట తప్పదు. పిల్లవాడికి ఎదురుచెప్పే అవకాశం లేదు.

2. అనుభవంగా భయం

1963లో అమెరికా రచయిత, చిత్రకారుడు మారిస్ సెండాక్ 'వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్' ప్రచురించారు. అల్లరి చేసిన మాక్స్‌ను తల్లి రాత్రి భోజనం పెట్టకుండా గదికి పంపుతుంది. గది అడవిగా మారుతుంది. అతడు పడవలో భీకర జంతువుల దగ్గరికి వెళ్లి, వాటి కళ్లలోకి సూటిగా చూసి లొంగదీసుకుని, రాజవుతాడు. చివరికి ఇల్లు గుర్తొచ్చి తిరిగివస్తే, భోజనం ఇంకా వేడిగానే ఉంటుంది.

ఈ పుస్తకానికి 1964లో కాల్డెకాట్ పతకం వచ్చింది, విమర్శా వచ్చింది. తిండి పెట్టకుండా ఒంటరిగా పంపడం పసివాళ్లకు తల్లి వదిలేసినంత భయమని 1969లో మనస్తత్వవేత్త బ్రూనో బెటెల్‌హైమ్ అభ్యంతరం చెప్పారు. ఆయన వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. తల్లికి దూరమవడం చాలా చిన్న వయసులోనే మొదలయ్యే భయం. అయితే సెండాక్ ఆ భయాన్ని దాచలేదు. దాన్ని దాటివచ్చే శక్తిని పిల్లవాడికే ఇచ్చారు.

3. తోడుగా భయం

2007లో జర్మన్ చిత్రకారుడు వోల్ఫ్ ఎర్ల్‌బ్రూఖ్ 'బాతు, మృత్యువు, ట్యులిప్ పువ్వు' వెలువరించారు. తన వెనుక మృత్యువు నడుస్తోందని బాతు గమనిస్తుంది. మొదట బెదురుతుంది, తరువాత ఇద్దరూ మాట్లాడుకుంటారు. బాతు చనిపోయాక మృత్యువే దాన్ని నదిలోకి మెల్లగా వదులుతుంది. ఇక్కడ శిక్ష లేదు, విజయమూ లేదు. తప్పించుకోలేని భయం గురించి పిల్లలతో మాట్లాడవచ్చుననే నమ్మకం ఉంది.

సారాంశం

1845లో భయం పిల్లలను దారిలో పెట్టే సాధనం. 1963లో పిల్లలు ఎదుర్కొనే అనుభవం. 2007లో పెద్దలూ పిల్లలూ కలిసి ఆలోచించే విషయం. అయితే దీన్ని సరళరేఖలో సాగిన ప్రగతిగా భావించకండి. 'స్ట్రూవెల్‌పీటర్' నేటికీ అచ్చవుతోంది. బూచాడు నేటికీ మన ఇళ్లలో తిరుగుతున్నాడు. పైగా ఇవన్నీ పెద్దలు రాసినవే. పిల్లలు నిజంగా ఏమనుకున్నారో వీటి నుంచి నేరుగా తెలియదు. చరిత్ర విద్యార్థి ఈ పరిమితిని మరవకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హాఫ్‌మన్, సెండాక్ కథల్లో తల్లి పాత్రలను పోల్చండి.
2. మీ ఇంట్లో ఉన్న ఒక తెలుగు బొమ్మల పుస్తకాన్ని తీసుకోండి. అందులోని భయం ఎవరికి ఉపయోగపడుతోందో పది వాక్యాల్లో రాయండి.