9 ప్రశ్నలు, ఒక నంబరు: మన 'యోచన' ఆ లెక్కలో ఉందా?

"మీకు డిప్రెషన్ ఉందా? 2 నిమిషాల్లో తెలుసుకోండి" అనే టెస్టులు మీలో చాలామంది ఫోన్‌లో చూసే ఉంటారు. 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. 10 వచ్చిందంటే "డాక్టర్‌ని కలవండి" అంటుంది. సరే, ఆ 10 ఎవరు పెట్టారు? ఎవర్ని చూసి పెట్టారు? జమ్మలమడుగులో సేద్యం చేసుకునే మనిషికి కూడా అదే 10 సరిపోతుందా? ఈ ఎపిసోడ్ దాని గురించే.

కథ 1972లో మొదలుపెడదాం. లండన్‌లో డేవిడ్ గోల్డ్‌బర్గ్ అనే సైకియాట్రిస్టు 60 ప్రశ్నల జాబితా ఒకటి ప్రచురించారు. పేరు జనరల్ హెల్త్ క్వశ్చనేర్. తలనొప్పి, నీరసం అని మామూలు డాక్టర్ దగ్గరికి వచ్చేవాళ్ళలో మనసు బాధతో ఉన్నవాళ్ళని గుర్తుపట్టడం దాని పని. ఆయన ప్రశ్నలు రాసి ఊరుకోలేదు. జవాబులు ఇచ్చినవాళ్ళతో విడిగా ఇంటర్వ్యూ చేసి, ఆ రెండూ కలుస్తున్నాయా లేదా అని సరిచూశారు. ఇలా సరిచూడటాన్నే వ్యాలిడేషన్ అంటారు. మన భాషలో చెప్పాలంటే నిగ్గు తేల్చడం.

తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 20 ప్రశ్నల జాబితా తెచ్చింది. అన్నీ అవును, కాదు అనే జవాబులే. తలనొప్పి ఉందా, ఆకలి తగ్గిందా, చేతులు వణుకుతున్నాయా... ఇలా ఉంటాయి. చదువు రాని మనిషికి కూడా ఎదురుగా కూర్చుని అడగొచ్చు. దాన్ని కొలంబియా, సూడాన్, ఫిలిప్పీన్స్, ఇండియాల్లో వాడి చూశారు. మన దేశంలో ఆ చోటు హర్యానాలోని రాయ్‌పూర్ రాణి. ఫలితాలు 1980లో వచ్చాయి.

ఇక మన పక్కింటికి వద్దాం. బళ్ళారి. ఒకప్పుడు కడప, కర్నూలు, అనంతపురంతో కలిపి దత్త మండలాలు అనేవాళ్ళు కదా, 1953లో మైసూరుకి వెళ్ళిన జిల్లా. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలయ్యాక, 1980ల మధ్యలో బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ళు బళ్ళారిలో ఓ ప్రయోగం చేశారు. పీహెచ్‌సీ డాక్టర్లకీ, ఆరోగ్య కార్యకర్తలకీ ట్రైనింగ్ ఇచ్చి, పల్లెలోనే రోగుల్ని గుర్తించి వైద్యం అందించడం. అదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అయింది. అప్పుడు తీసుకున్న మొదటి 4 జిల్లాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి మెదక్ ఉంది.

ఇప్పుడు అసలు పాయింట్. పల్లెలో గుర్తించాలంటే పల్లె మాటలు తెలియాలి. దీన్ని బాగా చూపించిన పని ఆఫ్రికాలో జరిగింది. డాక్టర్ విక్రమ్ పటేల్ 1990ల్లో జింబాబ్వేలో పనిచేశారు. బయటి జాబితాని షోనా భాషలోకి దించడం మాని, అక్కడి రోగులు బాధని ఏ మాటల్లో చెబుతున్నారో ముందు విన్నారు. నర్సుల్ని, నాటువైద్యుల్ని అడిగారు. ఎక్కువగా వినబడిన మాట 'కుఫుంగిసిసా'. అంటే అతిగా ఆలోచించడం. ఆ మాటల నుంచే 14 ప్రశ్నల జాబితా తయారై 1997లో అచ్చయింది.

ఆ మాట వినగానే మనకేం గుర్తొస్తుంది? 'యోచన'! "శానా యోచనైతాంది", "యోచన పెట్టుకోవద్దబ్బా" అని మన ఇండ్లలో రోజూ వింటాం. మన దగ్గర ఎవరూ "నాకు డిప్రెషన్" అని రారు. దిగులు, బెంగ, మనాది, గుండె దడ, ఒంట్లో సత్తువ లేదు, అన్నం సయించడం లేదు అంటారు. ప్రశ్నలో ఆ మాట లేకపోతే, బాధ ఉన్న మనిషి కూడా "అదేం లేదు" అనేస్తాడు.

ఇప్పుడు ఆ ఫోన్ టెస్టు. దాని పేరు పీహెచ్‌క్యూ-9. స్పిట్జర్, క్రోంకె, విలియమ్స్ అనేవాళ్ళు ఫైజర్ కంపెనీ ఆర్థిక సాయంతో అమెరికాలో తయారుచేశారు. 2001లో వచ్చిన పేపర్లో 6,000 మంది రోగులకి ఇచ్చి, వాళ్ళలో 580 మందిని నిపుణులతో విడిగా ఇంటర్వ్యూ చేయించారు. 10ని కటాఫ్‌గా పెడితే డిప్రెషన్ ఉన్న 100 మందిలో 88 మందిని పట్టింది. లేని 100 మందిలో 88 మందిని వదిలేసింది.

బాగుంది కదా? ఊరికే లెక్క వేద్దాం. 1,000 మంది ఉన్న ఊరు, అందులో 100 మందికి నిజంగా డిప్రెషన్ అనుకోండి. టెస్టు 88 మందిని పడుతుంది, 12 మంది తప్పిపోతారు. బాగున్న 900 మందిలో 108 మందికి కూడా 'ఉంది' అని చెబుతుంది. అంటే 'ఉంది' అన్న 196 మందిలో నిజమైనవాళ్ళు 88 మందే. సగం కంటే తక్కువ!

పైగా ఇది బాగా పనిచేసిన చోటి లెక్క. మన దగ్గర ఆలోచించండి. నిద్ర పట్టడం లేదా అని మే నెలలో కడపలో అడిగితే? బండలు సెగలు కక్కుతుంటే, కరెంటు పోతే ఎవరికి నిద్ర పడుతుంది? అలసటగా ఉందా అని శెనక్కాయ పీకే కాలంలో అడిగితే అందరూ అవుననే అంటారు. పేపర్ చదివేటప్పుడు మనసు నిలుస్తుందా అనే ప్రశ్న చదువు రాని పెద్దమ్మకి ఏం అర్థమవుతుంది? చివరిది చనిపోవాలనే ఆలోచన గురించి. అత్త, ఆడబిడ్డ పక్కనే కూర్చుంటే కోడలు నిజం చెబుతుందా? అందుకే తెలుగులోకి మార్చడం మొదటి మెట్టు మాత్రమే. మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పి పోల్చాలి. పదిమందిని కూర్చోబెట్టి "మీకేం అర్థమైంది?" అని అడగాలి. డాక్టర్ ఇంటర్వ్యూతో సరిపోల్చాలి. అప్పుడు మన కటాఫ్ మనం పెట్టుకోవాలి. ఈఏపీసెట్ కటాఫ్ కూడా కాలేజీకొకటి ఉంటుంది కదా, ఇదీ అంతే.

మన రాష్ట్రంలో ఇలాంటి ప్రశ్నలు పల్లెకి చేరిన సందర్భం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టు. 30 గ్రామాల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్లెట్లు పట్టుకుని 5,007 మందిని అడిగారు. 238 మందికి ఇబ్బంది ఉండొచ్చని తేలింది. వాళ్ళలో అంతకుముందు మానసిక వైద్యం తీసుకున్నవాళ్ళు ఇద్దరే. ప్రాజెక్టు నడిచిన కాలంలో 30 మంది డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. 2017లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. 2 నుంచి 30! చిన్న నంబరే కానీ, ఊరి మనిషే వచ్చి ఊరి మాటల్లో అడిగితే తలుపు తెరుచుకుంటుందని చూపించింది.

అదే సమయంలో, 2015-16లో నిమ్హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో చేసింది. ఆంధ్రప్రదేశ్ అందులో లేదు, తెలంగాణా లేదు. ఏ జిల్లాకి ఎంతమంది డాక్టర్లు కావాలి, ఎన్ని మందులు పంపాలి అని తేల్చేది ఇలాంటి లెక్కలే. లెక్కలో లేనివాళ్ళకి బడ్జెట్ కూడా ఉండదు. కాలువ నీళ్ళ ఊళ్ళో తేలిన లెక్కని, బోరు ఎండిపోయిన ఊరికి యథాతథంగా అతికించలేం.

కాబట్టి ఫోన్ టెస్టులో 14 వచ్చిందని భయపడొద్దు, 6 వచ్చిందని "నాకేం కాలేదు" అనుకోవద్దు. ఆ నంబరు చెప్పేది ఒకటే, ఎవరితోనైనా మాట్లాడమని. 14416, టెలి మానస్. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చనిపోవాలనే ఆలోచన వస్తుంటే స్కోరుతో పనిలేదు, వెంటనే ఫోన్ చేయండి. ఇంట్లో ఎవరైనా "శానా యోచనైతాంది" అంటే, "ఏం కాదులే" అనకుండా ఓ పది నిమిషాలు పక్కన కూర్చోండి. ఉంటాను ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.