ప్రమాద స్థలంలో సహాయకుల భద్రత

రోడ్డు ప్రమాద బాధితులను ఆదుకునేవారు తామూ ప్రమాదంలో పడకుండా తీసుకునే జాగ్రత్తలివి. హైవే మీద అసలు ముప్పు వెనక నుంచి వచ్చే లారీ. అందుకే బండిని రోడ్డు పక్కకు దించి, హజార్డ్ లైట్లు వేసి, బాగా వెనకగా రిఫ్లెక్టర్ త్రికోణం పెట్టాలి. మన దగ్గర చాలామంది చెట్టు కొమ్మ విరిచి పెడతారు. పగలు పనికొస్తుంది గానీ చీకట్లో కనబడదు. బోల్తా పడ్డ కారు ఇంజిన్ ఆపాలి, దగ్గర్లో బీడీ వెలిగించనివ్వకూడదు. కరెంటు తీగ తెగిపడితే సరఫరా ఆపారని తేలేదాకా దూరంగానే ఉండాలి. రక్తం అంటకుండా గ్లవ్స్ వేసుకోవాలి, లేకుంటే ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోవాలి. 108కి ఫోన్ చేసినప్పుడు కిలోమీటరు రాయి మీది అంకె చెబితే అంబులెన్సుకు వెతుకులాట తప్పుతుంది. ఇక పోలీసు కేసు భయం: మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణతో చేరిన 134ఎ సెక్షన్ సదుద్దేశంతో సాయపడినవారికి రక్షణ ఇస్తోంది. పేరు, చిరునామా చెప్పమని వారిని బలవంతపెట్టకూడదు.